అంగుళీయకము – దాని చరిత్రము, దాని ధర్మము

ఈ వార్షిక మహాసభ సందర్భమున ప్రకటింపబడు సంచికకు మన వృత్తికి సంబంధించిన చరిత్రవ్యాస మొకటి వ్రాయవలసినదని కార్యనిర్వాహకులు మమ్ము కోరియుండిరి. కిరీటములను గూర్చియు, దేవతాభరణములను గూర్చియు వ్రాయువారు పెక్కురు గలరు. మేము వానిని విడిచి, స్వర్ణకారుని కుంపటియొద్ద తయారగు వస్తువులలో మిక్కిలి చిన్నదగు ఉంగరమును విషయముగా గైకొంటిమి. ఇందులకు కారణము గలదు. హారమును, కడియమును, వడ్డాణమును ముఖ్యముగా నలంకారమునకే యేర్పడినవి. ఉంగరము మాత్రము అలంకారముతో తృప్తినొందలేదు. అది సాక్ష్యము చెప్పినది, రాజాజ్ఞలను మోసినది, వివాహములకు హామీగా నిలిచినది, కఱవుకాలమున తాకట్టునకు బోయి యింటిల్లిపాదికి అన్నము పెట్టినది. లోకము తన నమ్మకమునకు గుర్తుగా ఉంగరమును చేయించుకొన్నది. కాని దానిని చేసిన చేతిని మాత్రము చాలకాలము నమ్మజాలకపోయినది. ఈ రెంటి నడుమ గల వైపరీత్యమును పాఠకమహాశయుల యెదుట బెట్టి విచారించుటయే యీ వ్యాసముయొక్క ప్రయోజనము.

పేరులు

ముందుగా పేరులను విచారింతము. అమరసింహుడు తన నామలింగానుశాసనమున మనుష్యవర్గమునందు ఉంగరమునకు అంగుళీయకము, ఊర్మిక అని రెండు పేర్లు చెప్పి, అక్షరములు చెక్కబడిన దానికి అంగుళిముద్ర యని వేఱుగ నొక పేరు పెట్టెను. అంగుళి యనగా వ్రేలు గనుక మొదటి పేరు సుబోధము. రెండవదానియందు చమత్కారము గలదు. ఊర్మి యనగా అల. వలయమువలె విరియు నలను దలచి సంస్కృతమువారు ఉంగరమును ఊర్మిక యనిరి. మన తెనుగువారు ఆ యుపమానమును త్రిప్పివేసి, అలలుగ మెలిదిరిగిన కురులను జూచి ఉంగరాల జుట్టు అనిరి. వారు ఉంగరమున అలను జూచిరి. మనవారు అలలో ఉంగరమును జూచిరి. ముద్ర వేయుటకు పనికివచ్చు నుంగరమును మనవారు ముద్దుటుంగరమనిరి.

ఉంగరము పెట్టుకొను వ్రేలికిని పేరు లేకపోవుట వింతయే. బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు, చిటికెనవ్రేలు అని తక్కిన నాలుగింటికి సంజ్ఞలుండగా, దీనిని అనామిక, అనగా పేరు లేనిది, అనిరి. కవులను లెక్కించునపుడు కాళిదాసునకు చిటికెనవ్రేలు మడిచిన పిదప, అంతటి రెండవ కవి లేకపోవుటచే తరువాతి వ్రేలికి అనామిక యను పేరు సార్థకమైనదని పండితులు ముచ్చటింతురు. తెనుగు వాడుకలో మాత్రము ఆ లోపము తీరినది. మనము దానిని ఉంగరపు వ్రేలనుచున్నాము. పేరు లేని వ్రేలికి స్వర్ణకారుని పనియే పేరైనది.

కావ్యములలో నుంగరము

ఉంగరము సాక్షిగా నిలుచుట వాల్మీకి రామాయణమున ప్రసిద్ధము. కిష్కింధాకాండమున రాముడు తన పేరు చెక్కిన యుంగరమును హనుమంతుని చేతికిచ్చును. సుందరకాండమున నది సీత చేతికి జేరును. ఇచట వాల్మీకి పాటించిన క్రమము గమనింపదగినది. హనుమంతుడు సీతను జూచినతోడనే యుంగరమును తీసి చూపలేదు. వచ్చినవాడు మాయావియగు రావణుడేమో యని యామె సందేహించినది. అతడు రాముని రూపమును, గుణములను వివరముగ వర్ణించి, సుగ్రీవమైత్రిని చెప్పి, ఆమె మనసు కుదుటబడిన తరువాతనే యుంగరము నొసగెను. అనగా మాట ముందు, ముద్ర వెనుక. బంగారము తనంతట తాను నమ్మకమును పుట్టింపజాలదు. పుట్టిన నమ్మకమును స్థిరపఱచును. ఈ సూక్ష్మమును మన వృత్తివారు మఱవరాదు.

శకుంతల కథయందు ఇంకొక విశేషము గలదు. మహాభారతమునందలి శకుంతలోపాఖ్యానమున ఉంగరమే లేదు. అచ్చట దుష్యంతుడు ఆమె నెఱుగనని పలుకగా ఆకాశవాణి సాక్ష్యము చెప్పినది. రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుని యాస్థానమున నన్నయభట్టు తెనిగించిన కథయు నిట్టిదే. కాళిదాసు ఆకాశవాణిని తొలగించి యా స్థానమున నొక యుంగరమును నిలిపినాడు. స్వర్గమునుండి రావలసిన సాక్ష్యమును స్వర్ణకారుని పనికి అప్పగించినాడన్నమాట. ఆ యుంగరముపై రాజు పేరుండెను. దినమునకొక యక్షరము చొప్పున లెక్కింపుము, అక్షరములు ముగియులోపల నిన్ను పిలిపింతునని రాజు పలికియుండెను. ఆ యుంగరము శచీతీర్థమున నీటబడి, రోహితమత్స్యముయొక్క కడుపులో దొరకెను. రోహితమనగా మన గోదావరి జాలరులు శీలావతి యని పిలుచు చేపయే. శీలవతియగు శకుంతలకు సాక్షి శీలావతి గర్భమున దొరకెననుట తెలుగువారికి మాత్రమే తోచు చమత్కారము. అయితే యిచట నొక చేదు నిజమును గలదు. ఆ యుంగరము నమ్మజూపిన జాలరిని నగరరక్షకులు మొదట దొంగ యని పట్టి, చేతులు కట్టి తీసికొనిపోయిరి. ఉంగరము నిజము చెప్పులోపల, దానిని ముట్టుకొన్న పేదవాడు అపరాధి యయ్యెను.

మాళవికాగ్నిమిత్రమున ధారిణీదేవికి సర్పముద్ర గల యుంగరమొకటి యుండెను. మొదటి యంకమున నొక పరిచారిక దానిని శిల్పియొద్దనుండి తెచ్చుచు, దాని యందమునకు మురిసి కన్నార్పక చూచుచు వచ్చును. నాలుగవ యంకమున విదూషకుడు పాము కఱచినదని నటించి, విషచికిత్సకు సర్పప్రతిమ కావలెనను మిషతో దానిని సంపాదించి, ఆ ముద్రను జూపియే బంధింపబడిన మాళవికను విడిపించును. విశాఖదత్తుని ముద్రారాక్షసమున రాక్షసమంత్రి యుంగరము అతని భార్య వ్రేలినుండి జాఱి గడపకడ పడగా, చారుడు దానిని చాణక్యునకు జేర్చెను. ఆ యుంగరముతో ముద్రవేసిన కపటలేఖయే రాక్షసుని పక్షమును కూల్చెను. రాజ్యమంతయు నొక చిన్న యుంగరముపై నాధారపడిన కాలమది. ఈ నాటకములన్నింటియందు ఉంగరము ధరించినవారి పేరును, దొంగిలించినవారి పేరును, దొరికించుకొన్నవారి వృత్తియు మనకు తెలియును. చేసినవాని పేరు ఒక్కచోటనైనను లేదు. ధారిణి యుంగరము చేసినవాడు శిల్పి యను నొక్క మాటతో తెరవెనుకనే యుండిపోయెను.

రాజముద్రయు మన సీమయు

కవిత్వమునుండి శాసనములకు వత్తము. కౌటిల్యుడు అర్థశాస్త్రమున ముద్రాధ్యక్షుడను నధికారిని జెప్పి, దేశమున రాకపోకలకు అతడు మాషకమునకొక ముద్ర నీయవలెనని విధించెను. ముద్ర లేనివాడు దారి నడువరాదు. నేటి అనుమతిపత్రమునకు నది తాతవంటిది.

మన గోదావరీ సీమలో ముద్రకును ఉంగరమునకును గల బాంధవ్యము తామ్రశాసనములయందు కంటికి గట్టినట్లు కానవచ్చును. తూర్పు చాళుక్యుల శాసనములందు రాగిరేకులకు కన్నము వేసి, వానిని పెద్ద రాగియుంగరమున గ్రుచ్చి, ఆ యుంగరము కొనలు కలియు చోట రాజముద్ర నుంచెడివారు. ముద్రపై వరాహమును, సూర్యచంద్రులును, అంకుశమును, శ్రీ త్రిభువనాంకుశ యను బిరుదమును ఉండును. ఉంగరము తెగినచో శాసనమున రేకులు మార్చిరని తెలియును. తెగనిచో అది సత్యము. అనగా రాజు చేతివ్రేలి యుంగరమేమి ధర్మమును నిర్వహించెనో, శాసనపు టుంగరము నదే ధర్మమును నిర్వహించెను.

11వ శతాబ్దమున రాజరాజనరేంద్రుడు నారాయణభట్టునకు నందంపూడి యగ్రహారము నొసగిన శాసనము తెలుగువారికి పూజ్యము. ఆ నందంపూడి మన కోనసీమలోనే, అంబాజీపేట చెంత నున్నది. ఆ శాసనమును రచించినవాడు నన్నయభట్టు. ఆ రాజుయొక్క శాసనములందు లేఖకుడుగా గండాచార్యుని పేరు గానవచ్చుచున్నది. ఆచార్యపదము నొక్కదానిని బట్టి యాతని కులమును నిర్ణయింపబూనుట చరిత్రధర్మము గాదు. మేమా పని చేయము. కాని రాగిరేకున నక్షరములు దిద్దిన యొకని పేరు తొమ్మిదివందల యేండ్లకు పైగా నిలిచి యుండుటయు, అదే కాలమున బంగారమున పేరులు చెక్కిన వేలమంది పేరులు నశించుటయు మాత్రము ఆలోచింపదగిన విషయము.

దేశాంతరములలో

ఈ ధర్మము మన దేశమునకే పరిమితము గాదు. ప్రాచీన ఈజిప్టున పేడపురుగు ఆకారము గల ముద్రలను ఉంగరములయందు పొదిగెడివారు. ఫరో తన చేతి యుంగరమును తీసి యోసేపు వ్రేలికి తొడిగి మంత్రిత్వ మొసగిన కథ బైబిలునందు గలదు. రోమకులలో చాలకాలము సామాన్యులకు ఇనుపయుంగరమే; బంగారపుటుంగరము ధరించు హక్కు ఉన్నతవర్గములవారిది. వధువునకు ప్రధానముగ పంపుటకు సైత మినుపయుంగరమునే వాడిరి. మహమ్మదు ప్రవక్త విదేశరాజులకు లేఖలు వ్రాయునపుడు ముద్రకొఱకు వెండియుంగరము చేయించుకొనెననియు, అది తరువాత ఉస్మాను కాలమున నొక బావిలో బడి దొరకలేదనియు ముసల్మానుల గ్రంథములు చెప్పును. రోమునగరపు పోపుయొక్క యుంగరమునకు జాలరి యుంగరమని పేరు. ఆయన పదవీకాలము ముగిసిన పిదప వేఱొకరు దానితో ముద్ర వేయకుండుటకై దానిని చెఱచుట సంప్రదాయము. ఉంగరము మనిషితోనే చావవలెనన్నమాట.

విలుకాండ్రకు ఉంగరము ఆయుధభాగముకూడ. భారతవీరులు అల్లెత్రాటి యొఱపిడినుండి వ్రేళ్ళను గాచుకొనుటకు అంగుళిత్రాణము ధరించిరి. మొగలులు బొటనవ్రేలికి పచ్చరాతి యుంగరము తొడిగి నారిని లాగెడివారు. షాజహాను బిరుదము చెక్కబడిన యట్టి యుంగరము హైదరాబాదులోని సాలార్జంగు ప్రదర్శనశాలలో నున్నది. కత్తి పట్టు చేతికిని, కలము పట్టు చేతికిని, వరమాల పట్టు చేతికిని ఉంగరము వేర్వేఱు రూపములను దాల్చినది.

శుభకర్మలలో, గృహములలో

మన గృహములలో ఉంగరమునకు మఱియొక చరిత్ర గలదు. దానికి మూలము బంగారము గాదు, దర్భ. కర్మారంభమున అనామికకు తొడుగు పవిత్రము దర్భతో ముడిచిన యుంగరమే. ప్రేతకర్మకు ఒక దర్భ, శుభకర్మకు రెండు, పితృకార్యమునకు మూడు అని సామాన్యముగ వాడుక. శాఖాభేదమున ఆచారభేదములు గలవు. బంగారపు పవిత్రమును ధరించువారును గలరు. గడ్డిపోచ చేయు పనినే బంగారము చేయునని యొప్పుకొనుట యందు గొప్ప వినయమున్నది. మన కులవృత్తివారు యజ్ఞోపవీతమును ధరించి కర్మలాచరించువారు గనుక ఈ రెండు పవిత్రములును మనకు పరిచితములే.

వివాహవిషయమున నొక సత్యమును చెప్పవలెను. వధూవరులు పరస్పరము ఉంగరములు మార్చుకొనుట గృహ్యసూత్రములలో విధింపబడలేదు. ఆపస్తంబుడు వధువు శిరమున దర్భతో అల్లిన వలయము నుంచి, దానిపై కాడియొక్క రంధ్రము నిలిపి, అందు బంగారము నుంచి స్నానము చేయింపుమని విధించెను. వలయమును బంగారమును అచ్చట గలవు గాని, వ్రేలి యుంగరము లేదు. మన పల్లెలలో నిశ్చయమునకు తాంబూలములే ప్రధానము. అయినను ప్రధానపుటుంగరమను మాట మన భాషలో నుండుటచే, వరునివైపునుండి వధువునకు ఉంగరము పెట్టు నాచారము కొన్ని కులములయందు ఉండెనని స్పష్టము. నేడు వేదికపై నిరువురును ఒకరికొకరు తొడుగుకొనుట పాశ్చాత్యుల మార్గమున వచ్చిన క్రొత్త వాడుక. క్రొత్తదని దూషింపబనిలేదు. ఒకవైపునుండి వచ్చు నుంగరముకంటె ఇరువైపులనుండి వచ్చునది సమభావమునకు దగ్గఱ.

మన సొంత వేడుక మఱియొకటి. పెండ్లిలో బిందెలో నీరు నింపి, ఉంగరము వేసి, వధూవరులిద్దఱును చేయి పెట్టి వెదకుదురు. ముత్తైదువలు చుట్టుచేరి నవ్వుచుందురు. అంతవఱకు ఒకరి మొగమొకరు సరిగా చూచియెఱుగని యిరువుఱి వ్రేళ్ళు నీటిలో తగులుటయే యా యాటకు ప్రయోజనమని పెద్దల యభిప్రాయము. గెలిచినది యెవరైనను ఉంగరము మధ్యవర్తి. కాలివ్రేళ్ళకు మట్టెలు వెండివే కావలెను. నడుమునకు దిగువ బంగారము ధరించుట లక్ష్మికి అపచారమని మనవారి నమ్మకము.

వ్రేలికి రాళ్ళ యుంగరములు గ్రహశాంతికై ధరించుటయు మన సీమలో విశేషము. సూర్యునకు కెంపు, చంద్రునకు ముత్యము, కుజునకు పగడము, బుధునకు పచ్చ, గురునకు పుష్యరాగము, శుక్రునకు వజ్రము, శనికి నీలము, రాహువునకు గోమేధికము, కేతువునకు వైడూర్యము. నవరత్నముల నన్నింటిని నొక్క యుంగరమున పొదిగించుకొనువారు తొమ్మిది గ్రహములతో నొకేసారి సంధి చేసికొందురు. శని బాధకు గుఱ్ఱపునాడా యినుముతో చేసిన యుంగరమును ధరించు పేదవాడు, నీలము ధరించు ధనికుడు, ఇరువురును పరమార్థమున నొకే భయమును వ్రేలికి చుట్టుకొన్నవారే. దండచేతి వంకీవలె కోణము దిరిగిన వంకీయుంగరము ఆడువారికి ప్రీతి. మొట్టికాయ తినినను ఉంగరాల చేతితో తినవలెనని మన పల్లెల నానుడి. దెబ్బకు సైతము హోదా నిచ్చినది యీ చిన్న వలయము.

ఇంక తాకట్టు మాట. 1996 నవంబరు తుపానున మన కొబ్బరితోటలు నేలకూలినప్పుడును, 2011లో గిట్టుబాటు లేక కోనసీమ రైతులు పంటవిరామము ప్రకటించినప్పుడును, ఎన్ని యిండ్లలో ముందుగ కదలినది ఉంగరమో మన వృత్తివారికి బాగుగ తెలియును. మంగళసూత్రమును తీయరాదు, గాజు తీయుటకు మనసొప్పదు, ఉంగరము మాత్రము సడిచప్పుడు లేకుండ వ్రేలినుండి జాఱును. వ్రేలిపై నుంగరము తీసిన తెల్లని చార కొన్నాళ్ళు నిలిచియుండును. ఆ చారను చూచియు చూడనట్లు మాటాడుట మన సీమ మర్యాద.

చేసినవాడు

ఇంతటి నమ్మకమును మోసిన వస్తువు ఎట్లు పుట్టుచున్నది? మూసలో బంగారము కరగించి, వెలిగారము చల్లి, కడ్డీగ పోసి, దాగలిపై సాగగొట్టి, కమ్మచ్చు కన్నములలో పెద్దదానినుండి చిన్నదానికి తీగ లాగుచు, మధ్యమధ్య కాల్చి మెత్తబఱచి, వ్రేలికి దారము చుట్టి తీసిన కొలతకు వంచి, ఊదుగొట్టముతో మంట నొక్కచోటికి త్రోసి అతుకు కరగించి, ఆకురాయితో నునుపుజేసి, చింతపండు పులుసున మరగించి, కుంకుడునీట కడిగినగాని యుంగరము కాదు. మేలిమి బంగారము మెత్తన. దానికి రాగి గాని వెండి గాని కలిపిననే నిలుచును. 24 పాళ్ళలో 22 పాళ్ళు బంగారమైనచో నది 22 క్యారట్లు. వేయింట 916 వంతులు. ఆకురాతి పొడిలోను, కుంపటి బూడిదలోను కొంత పోవును. ఆ బూడిదను కడిగి బంగారమును తీయు జలగడుగువారు వేఱొక వృత్తివారుగనే యుండిరి. ఆ పోవుదానికే తరుగు అని పేరు.

మనవారి తగవులన్నియు నీ తరుగుచుట్టే తిరిగినవి. దాచి లాభము లేదు. మనువు అన్యాయమున ప్రవర్తించు స్వర్ణకారుని కంటకములలోకెల్ల పాపిష్ఠుడని చెప్పి, కత్తులతో ముక్కలుగ కోయింపుమని దండము విధించెను. కౌటిల్యుడు తూనికలో మోసము, పైకి బంగారము లోన వేఱు లోహము పొదుగుట మొదలగు అయిదు హరణోపాయములను లెక్కించెను. మన సభలలో ఈ మాటలు వచ్చినప్పుడు కొందఱు కోపగింతురు; మఱికొందఱు సిగ్గుపడి తలవంతురు. రెండును అనవసరము. గ్రంథమును పూర్తిగ చదువవలెను. మనువు చెప్పినది అన్యాయమున ప్రవర్తించువానినిగూర్చియే గాని వృత్తినిగూర్చి గాదు. కౌటిల్యుడును మోసములను చెప్పిన ప్రకరణముననే సువర్ణమునకు కాకణి చొప్పున తరుగును న్యాయముగ నంగీకరింపవలెనని విధించెను. దొంగను పట్టుట తెలిసినవాడు, దొంగ కానివానిని గాచుటయు నెఱిగినవాడు. లోకము మాత్రము మొదటిమాటను కంఠస్థము చేసి రెండవమాటను విడిచెను. శూద్రకుని మృచ్ఛకటికమున వసంతసేన యింటిలోపల నొక కక్ష్యయందు శిల్పులు రత్నములను పరీక్షించుచు, బంగారమున పొదుగుచు, ఒకరితో నొకరు విచారించుచు పనిచేయు దృశ్యము గలదు. దానిని చదివినవారు దండనీతిని మాత్రమే చదివినవారికంటె మన వృత్తిని బాగుగ నెఱుగుదురు.

స్వర్ణకారుడు తాను నిర్దోషియని చెప్పుకొనుటకు గీటురాయి తప్ప వేఱు సాక్షి లేకుండెను. పదాఱువన్నె యను మాట ఆ రాతిపై పుట్టినదే. కస్టమరు కన్నులయెదుట రాతిపై గీటు పెట్టి, తెలిసిన వన్నెగల కడ్డీ గీటుతో పోల్చి చూపుట మన పెద్దల ధర్మము. ఆ గీటు చూపుటకు వెనుదీయని యింటికి మూడు తరములు పని తప్పలేదు.

చట్టమును ముద్రయు

1962లో చీనాతో యుద్ధము జరిగిన పిదప, 1963 జనవరిలో అప్పటి ఆర్థికమంత్రి మొరార్జీ దేశాయి కాలమున బంగారపు నియంత్రణ నిబంధనలు వచ్చెను. 14 క్యారట్లకు మించిన నగలు చేయరాదనిరి. 22 క్యారట్లకు అలవడిన చేతికి 14 క్యారట్ల లోహము గట్టిదై, వన్నె తగ్గి, కొనువాడు లేక పోయెను. దేశమున లక్షలమంది పనివారు పని కోల్పోయిరి. కొందఱు ప్రాణములే తీసికొనిరి. కుంపటి యార్పి కొబ్బరికాయల యొలుపునకు బోయినవారిని గూర్చి మా పెద్దలు చెప్పగా బాల్యమున వింటిమి. 1966లో 14 క్యారట్ల హద్దు తొలగెను, 1968లో నియంత్రణ చట్టరూపము దాల్చెను, 1990లో రద్దయ్యెను. ఇరువదియేడేండ్లలో నొక తరము పిల్లలు ఆకురాయి పట్టకయే పెరిగి, వేఱు దారులు త్రొక్కిరి.

2021 జూను 16వ తేదినుండి బంగారు నగలపై హాల్‌మార్కు ముద్ర దశలవారీగ తప్పనిసరి యయ్యెను. ముద్రలో భారతీయ ప్రమాణముల సంస్థ చిహ్నమును, 916 మొదలగు వన్నె సంఖ్యయు, ఆఱు అక్షరాంకముల ప్రత్యేక గుర్తును ఉండును. 2023 ఏప్రిల్ 1వ తేదినుండి ఆ ఆఱక్షరముల గుర్తు లేనిదానిని అమ్మరాదనిరి. రెండు గ్రాములకు లోబడిన వస్తువులకు మినహాయింపు గలదు గనుక, పసిబిడ్డ వ్రేలి యుంగరము నేటికిని చేసినవాని మాటపైననే నడచుచున్నది. ఈ ముద్రను మేము స్వాగతింతుము. గీటురాయి యొకరికి చూపిన నిజమును ముద్ర యందఱికి జూపును. నిజాయితీగల పనివానికి దానివలన భయము లేదు. కాని యొక సంగతి మఱవరాదు. తొలినాటి ముద్రలలో వర్తకుని గుర్తుండెడిది. ఇప్పుడు కంటికి కనబడునది సంఖ్య. నాడు గాని నేడు గాని చేసినవాని గుర్తు మాత్రము లేదు. కోయంబత్తూరు యంత్రములలో పోతపోసిన యుంగరమును, గల్ఫుదేశములనుండి మన యువకులు తెచ్చు నుంగరమును, అమలాపురపు వీధిలో ముదుసలి యొకడు దీపమునకు వంగి చేసిన యుంగరమును అంగడి యద్దముక్రింద నొక్కటే.

అంగుళిముద్ర

అమరసింహుడు చెప్పిన అంగుళిముద్ర నేడు తన యర్థమును మార్చుకొన్నది. 1858లో వంగదేశమున హెర్షెలను ఆంగ్లాధికారి యొక ఒప్పందముపై గుత్తేదారుని యఱచేతి ముద్ర వేయించెను. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయము వెలసెను. వ్రేలికి తొడిగిన యుంగరము పోయి, వ్రేలే ముద్ర యయ్యెను. ఉంగరమును దొంగిలింపవచ్చును, వ్రేలిని దొంగిలింపరాదు గదా యని లోకము సంతోషించెను. రాక్షసమంత్రికి నేటి సౌకర్యమున్నచో చాణక్యుని యుపాయము పాఱియుండదు.

కాని కథ యంతటితో ముగియలేదు. నలువదియేండ్లు ఆకురాయితోను, ఆమ్లములతోను, కుంపటివేడితోను మెలగిన స్వర్ణకారుని వ్రేళ్ళపై గీతలు అరిగిపోవుట మన మెఱిగినదే. అట్టి వృద్ధులు బియ్యముకొఱకు యంత్రముపై వ్రేలు పెట్టి, అది గుర్తింపక, తుడుచుకొని మరల పెట్టి, తుదకు వెనుకకు మరలుట మేము కన్నులార చూచితిమి. ఇతరుల గుర్తులను జీవితమంతయు చెక్కినవాని వ్రేలికి తన గుర్తు మిగులలేదు! ఆలోచించినకొలది యిది మన వృత్తిచరిత్ర కంతటికి నొక యుపమానమువలె తోచుచున్నది. కనుపాప ద్వారమునను, ముఖము ద్వారమునను గుర్తించు విధానములు గలవు. వానిని గూర్చి తెలియక యింటికి మరలివచ్చు వృద్ధులకు చేయూత నొసగుట సంఘముయొక్క మొదటి కర్తవ్యము.

కర్తవ్యము

ఈ సంచికను చదువు సోదరసోదరీమణులకు మేము మఱి మూడు మనవులు చేయుచున్నాము. మొదటిది, మన పనిముట్ల పేరులను, ఉంగరపు రకముల పేరులను, పనిలో వాడు మాటలను వృద్ధులనుండి వ్రాసికొనుడు. కమ్మచ్చు అన్న మాట తెలిసినవారు ఇంటికొకరు చొప్పున తగ్గిపోవుచున్నారు. రెండవది, ప్రభుత్వముద్రతోబాటు, ఉంగరము లోపలివైపున చేసినవాని పొడియక్షర మొకటి చెక్కుడు. అది గర్వమునకు గాదు. తప్పు వచ్చిన నిలదీయుటకును, ఒప్పు వచ్చిన తలచుకొనుటకును. తన పేరు పెట్టిన వస్తువున ఎవడును కల్తీ చేయడు. మూడవది, ఆడపిల్లలకు ఈ విద్య నేర్పుడు. ఉంగరము ధరించు చేతికి దానిని చేయు నధికారము లేదని యే శాస్త్రమును చెప్పలేదు.

ఉంగరము వ్రేలికి బిగువుగ నుండినచో బాధ. వదులుగ నుండినచో నష్టము. దారముతో కొలిచి, కాల్చి, వంచి, సరిగ అమర్చుటయే స్వర్ణకారుని విద్య. సంఘమునకును సభ్యునకును గల బంధమును అట్టిదే. ఆ కొలత తప్పకుండుగాక యని కోరుచు విరమించుచున్నాము.

ఇతి శమ్.